మెడ, భుజాల్లో కండరాలు ఎందుకు ముడిపడతాయి? మాలిష్‌తో ఎంతవరకు ఉపశమనం?

పాతబస్తీలో జర్దోజీ, మగ్గం పని చేసేవారు గంటల తరబడి మెడ వంచి కూర్చుంటారు. కుట్టు మెషిన్ ముందు ఆడవాళ్లు, కంప్యూటర్ ముందు ఉద్యోగులు, సెల్‌ఫోన్ వదలని పిల్లలు.. అందరిదీ ఇదే బాధ. మెడకూ భుజానికీ మధ్య గోళీలా గట్టిగా ఏదో తగులుతుంది. నొక్కితే ప్రాణం లాగేస్తుంది. దీన్నే కండరాల ముడి అంటారు. డాక్టర్లు 'ట్రిగ్గర్ పాయింట్' అంటారు.

ముడి ఎలా పడుతుంది?

పేరుకే ముడి, అక్కడ ఏదీ మెలిపడదు. కండరంలోని కొన్ని పోగులు బిగుసుకుని వదులు కావు, అంతే. కండరం బిగుసుకోవడానికే కాదు, వదులవడానికి కూడా శక్తి కావాలి. ఒకే తీరులో ఎక్కువసేపు కూర్చుంటే, బిగిసిన పోగులు సన్నని రక్తనాళాలను నొక్కేస్తాయి. ఆక్సిజన్ తగ్గి, వదులయ్యేందుకు శక్తి చాలదు. నిపుణులు ప్రధానంగా చెప్పే వివరణ ఇదే, అయితే దీనిపై చర్చ ఇంకా నడుస్తోంది. నొప్పి ముడి ఉన్నచోటే ఆగదు. భుజంపై ముడి వల్ల కణతల్లో తలనొప్పి రావచ్చు. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి వైద్యం చేసిన డాక్టర్ జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్‌తో కలిసి 1983లో ఇలాంటి నొప్పులపై బొమ్మలతో సహా పుస్తకం తెచ్చారు.

మాలిష్ ఏం చేస్తుంది?

మాలిష్ ముడిని పగలగొట్టదు. నొక్కుడు వల్ల నరాలు శాంతించి, నొప్పి సంకేతాలు తగ్గి, కండరం వదులవుతుంది. గట్టిగా రుద్దితేనే గుణమన్నది అపోహ, కండరం ఇంకా బిగుసుకోవచ్చు. ముందు 15 నిమిషాలు వేడి కాపడం పెట్టాలి. తర్వాత బొటనవేలితో ఓర్చుకోగలిగినంత మేరకే 30 నుంచి 60 సెకన్లు నొక్కి ఉంచాలి. వీపుకు చెయ్యి అందకపోతే గోడకూ వీపుకూ మధ్య టెన్నిస్ బంతి పెట్టి ఆనుకోవచ్చు. ఆఖర్న మెడను మెల్లగా సాగదీయాలి. అయితే కూర్చునే తీరు మారకపోతే నొప్పి మళ్లీ వస్తుంది. అరగంటకోసారైనా లేచి నాలుగడుగులు వేయాలి.

ఇవి మాలిష్ నొప్పులు కావు

ఎడమ భుజం, దవడ లాగుతూ ఛాతీ బరువు, చెమటలు ఉంటే అది గుండెపోటు కావచ్చు. నూనె రాస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఒక కాలి పిక్క వాచి, వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదముంది. సెలూన్‌లో మెడను 'టక్'మని విరిపించుకోవడం కూడా మానాలి. మెడలోని రక్తనాళం చిరిగితే పక్షవాతం రావచ్చు. చేతులు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, రెండు మూడు వారాల్లో నొప్పి తగ్గకపోయినా డాక్టర్‌కు చూపించుకోవాలి.