మూగవోయిన జన్యువు

కిన్నెరసాని గోదావరిలో కలియుచోట బూర్గంపాడు కలదు. ఆ ప్రాంతపు అడవులలో దూలగొండి తీగ పెరుగును. దాని కాయలపై నుండు నూగు ఒంటికి సోకినచో భరింపరాని దురద పుట్టును. అందుచే పశువుల కాపరులు ఆ తీగను చూచి తొలగిపోవుదురు. కాని ఆ కాయలోని గింజయందు ఒక మెదడు జబ్బునకు మందు కలదు.

ఆ జబ్బు కంపవాతము. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అను ఆంగ్ల వైద్యుడు దానిని వివరించెను గనుక పార్కిన్సన్ వ్యాధియనియు పిలుతురు. మెదడులో డోపమైన్ అను పదార్థమును తయారుచేయు కణములు ఇందు క్రమముగా నశించును. చేతులు వణకును, నడక మందగించును, లోటాలోని నీరు తొణకకుండ త్రాగుటయు కష్టమగును.

1937లో మద్రాసునందు దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు దూలగొండి గింజలనుండి ఎల్-డోపా అను పదార్థమును వేరుచేసిరి. శరీరము దానిని డోపమైన్‌గా మార్చుకొనును. 1967లో అమెరికాలో కోట్జియాస్ అను వైద్యుడు దానిని రోగులకు క్రమక్రమముగా హెచ్చు మోతాదులలో ఇచ్చి గుణము కనబరచెను. నేటికిని కంపవాతమునకు అదియే ముఖ్యౌషధము. అయినను వైద్యుని సలహా లేక ఆ గింజలను తినుట ప్రమాదకరము.

ఈ మందు లోటును పూరించునే కాని కణముల నాశమును ఆపజాలదు. ఇది చిల్లికుండలో నీరు పోయుట వంటిది. పైగా వణుకు కనబడునప్పటికే పెక్కు కణములు నశించియుండును. కావున వ్యాధిని ముందుగా తెలుపు గుర్తును, చిల్లిని పూడ్చు ఉపాయమును శాస్త్రజ్ఞులు జన్యువులలో వెదకుచున్నారు.

జన్యువనగా శరీరమునకు వలసిన ప్రోటీనులను తయారుచేయు విధమును తెలుపు శాసనము వంటిది. ఒక్కొక్కప్పుడు ఆ శాసనమునకు నకలు ఏర్పడి, కాలక్రమమున అందలి అక్షరములు మారియు చెరిగియు పోవును. అట్టి నకలు ప్రోటీనును తయారుచేయలేదు. దానిని మిథ్యాజన్యువందురు. 1977లో ఆఫ్రికా కప్పయందు ఇట్టిదానిని మొదట గుర్తించి ఆ పేరిడిరి. చాలకాలము ఇవి పనికిరాని చెత్తయని పలువురు తలచిరి.

జీబీఏ అను జన్యువు కణములలో ఒకవిధమగు కొవ్వు పదార్థమును విరుగగొట్టు ఎంజైమును తయారుచేయించును. ఇందు లోపమున్నవారిలో అందరికిని కాకున్నను, కొందరికి కంపవాతము వచ్చును. ఈ జన్యువునకు సమీపముననే జీబీఏపీ1 అను మిథ్యాజన్యువు కలదు. రెండింటికిని నూటికి 96 పాళ్లు పోలిక. అందుచే జన్యుపరీక్ష చేయువారు ఒకదానిని మరియొకటిగా పొరబడకుండ జాగ్రత్త వహింపవలెను.

జన్యువు తన ఆజ్ఞను ఆర్‌ఎన్ఏ రూపమున పంపును. మైక్రో ఆర్‌ఎన్ఏలను చిన్న తునకలు కొన్ని ఆ ఆజ్ఞను అణచివేయును. గోదావరికి వరద వచ్చినపుడు ఎండిన పాయ కొంత నీటిని తనలోనికి లాగుకొని అసలు పాయపై ఒత్తిడిని తగ్గించును గదా! మిథ్యాజన్యువు చేయు పనియు నట్టిదే. అది పంపు ఆర్‌ఎన్ఏ ఆ తునకలను తనవైపు ఆకర్షించి, అసలు ఆజ్ఞను కాపాడును. జీబీఏపీ1 ఈ పనిని చేయుచున్నదని 2017లో ఇటలీ శాస్త్రజ్ఞులు కణములపై ప్రయోగములు చేసి చూపిరి.

దీనినిబట్టి రెండాశలు కలిగినవి. మిథ్యాజన్యువు పంపు ఆర్‌ఎన్ఏను కొలిచి వ్యాధిని ముందుగా పసిగట్టవచ్చునేమో! దాని బలమును పెంచు మందు చేసి కణములను రక్షింపవచ్చునేమో! ఇవి యింకను ప్రయోగశాలలను దాటి రోగి మంచమును చేరలేదు.

కాపరి తప్పుకొని పోయిన తీగ రోగికి ఊతయైనది. చెత్తయని త్రోసివేసిన జన్యువునందు నేడు శాస్త్రజ్ఞులు మందును వెదకుచున్నారు. ఒక వస్తువు ప్రయోజనము మనకు తెలియనంత మాత్రమున అది నిష్ప్రయోజనమని తలపరాదు.