తరగతి గదిలో తట్టి చూడాల్సిన సంగతులు

ఉపాధ్యాయ శిక్షణల్లో, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో పదే పదే వినబడే మాట ఒకటుంది. "పరిశోధనలు యూనివర్సిటీ వాళ్లవి సార్. వాళ్లు చూసిన పిల్లలు వేరు, మన నస్పూర్, మందమర్రి పిల్లలు వేరు. అవి మనకెట్ల పనికొస్తయి?" ఇందులో సగం నిజం ఉంది కాబట్టే వింటే మరీ చిరాకు కలుగుతుంది. పిల్లలు వేరన్నది నిజమే. కానీ పరిశోధన అంటే పైనుంచి దిగివచ్చే ఆదేశమనీ, దాన్ని అమలు చేయడమో పక్కన పడేయడమో తప్ప టీచరుకు అందులో పనేమీ లేదనీ అనుకోవడం మాత్రం పూర్తిగా తప్పు.

ఈ తప్పు ఎంత ఖరీదైనదో మన రాష్ట్రాల్లోనే తేలింది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. క్షేత్రంలో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ పనిచేసింది. అందులో భాగంగా వంద బడుల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరికి ఏ నైపుణ్యం రాలేదో వివరంగా రాసి టీచర్ల చేతికిచ్చారు. మధ్యమధ్యలో తరగతులు చూసి వెళ్లారు. చూడటానికి వచ్చినప్పుడు టీచర్లు ఎక్కువ శ్రద్ధగా బోధించారు. ఏడాది చివర పరీక్ష పెడితే, ఏ నివేదికా అందని బడుల పిల్లలకంటే వీళ్లకు ఒక్క మార్కు కూడా ఎక్కువ వచ్చినట్టు కనబడలేదు. 2010లో అచ్చయిన ఈ ఫలితాన్ని చాలామంది "మన టీచర్లు అంతే" అనడానికి వాడుకున్నారు. అది అన్యాయం. అదే అధ్యయనంలో, పిల్లల ప్రగతిని బట్టి బోనస్ ఇచ్చిన బడుల టీచర్లకూ ఇలాంటి నివేదికలే అందాయి. అక్కడ అవి ఉపయోగకరంగా ఉన్నాయన్న టీచర్ల పిల్లలు మెరుగ్గా నేర్చుకున్నారు. నాకు అర్థమైనంతలో విషయం డబ్బుది మాత్రమే కాదు. టీచరు మనసులో ప్రశ్న లేనప్పుడు చేతికొచ్చిన జవాబు బీరువాలోకి పోతుంది.

మన ప్రాంతంలో బాయి (బొగ్గు గని) పని తెలియని వీధి ఉండదు కనుక దీన్ని ఆ భాషలోనే చెబుతాను. షిఫ్టు మొదలవగానే, గనిలో భద్రత చూసే మైనింగ్ సర్దార్ పనిచోటుకు వెళ్లి కర్రతో రూఫ్ తట్టి చూస్తాడు. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. పొర విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది. అనుమానమొస్తే ఒక చేత్తో తడుతూ, రెండో చేతి వేళ్లు రూఫ్‌కు ఆనించి అదురు చూస్తాడు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించిన నాటినుంచి ఇక్కడ భూగర్భ శాస్త్రం ఎంతో ఎదిగింది. బోర్లు వేసి, పొరల మందం, వాలు గీసిన మ్యాపు లేకుండా ఏ గనీ మొదలుకాదు. అయినా మ్యాపు ఉంది కదా అని సర్దార్ తట్టడం మానడు, నిన్న తట్టాను కదా అని ఇవాళ మానడు. స్లిప్పు (పొరల్లోని పగులు) ఎక్కడుండొచ్చో మ్యాపు చెబుతుంది, ఇవాళ ఈ చోట రూఫ్ ఎలా ఉందో కర్ర చెబుతుంది. రెండూ కావాలి. డొల్లగా పలికితే ఆ ముక్కను రాలగొట్టాలా, కింద దిమ్మె పెట్టి నిలబెట్టాలా అన్నది ఆ తర్వాతి నిర్ణయం. ముఖ్యంగా, సర్దార్ రూఫ్‌ను "బాగున్నావా?" అని అడగడు. మనం తరగతిలో రోజూ చేసేది అదే. "సమజైందా?" అంటాం. "అయ్యింది సార్!" అని నలభై గొంతులు. ఆ జవాబులో సమాచారం ఏమీ లేదు.

మరి తట్టడం ఎలా? మూడో తరగతి తీసివేతను చూద్దాం. 52లోంచి 27 తీసేయమంటే ఒక పాప 35 అని రాసింది. ఎర్ర సిరాతో ఇంటూ పెట్టి "మళ్లీ చెయ్" అంటాం. మళ్లీ చేస్తే మళ్లీ 35 వస్తుంది. అదే పాపకు 81లోంచి 46 ఇవ్వండి, 45 అంటుంది. 43లోంచి 19 ఇస్తే 36 అంటుంది. 68లోంచి 25 ఇస్తే 43 అని సరిగ్గా చెబుతుంది. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెడితే అజాగ్రత్త అన్నమాట నిలవదు. ఆ పాప ఒక నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తోంది: ప్రతి స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేయాలి. పైనుందా కిందనుందా అన్నది లెక్కలోకి రాదు. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ పిల్లల తీసివేతలను విశ్లేషించి, ఇలాంటి తప్పుల్లో ఎన్నో పద్ధతి ప్రకారం పుట్టినవేనని చూపించారు. ఇది మ్యాపు. స్లిప్పు ఎక్కడుంటుందో చెప్పింది. మన తరగతిలో ఎందరికి ఉందో తెలియాలంటే ఆ నాలుగు లెక్కలూ పలకల మీద చేయించాలి. పది నిమిషాల పని.

ఇంకో మెట్టు లోపలికి వెళ్దాం, అసలు రుచి అక్కడే ఉంది. ఆ నియమం పాపకు ఎక్కడిది? మనమే ఇచ్చాం. ఒకటో తరగతిలో "చిన్నదాంట్లోంచి పెద్దది పోదమ్మా, పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలి" అని చెప్పింది మనం. ఒక్కంకె లెక్కలకు అది సరిపోయింది. రెండంకెలు రాగానే అదే మాట తప్పుదారి పట్టించింది. అంటే "పక్కింట్లోంచి అప్పు తెచ్చుకో" అని పదిసార్లు వల్లె వేయించినా పని జరగదు, ఎందుకంటే ఆ పాపకు అప్పు అవసరమే కనబడలేదు. పదేసి పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు చేతికిచ్చి, ఏడు పుల్లలు నాకివ్వు అనాలి. రెండే ఉన్నాయి. కట్ట విప్పక తప్పదు. విప్పిన ఆ చేయి తర్వాత కాగితం మీద తికమకపడటం తక్కువ. మర్నాడు అదే నాలుగు లెక్కలు అంకెలు మార్చి ఇస్తే, పుల్లలు పనిచేశాయో లేదో తెలిసిపోతుంది. పరిశోధనను వాడుకోవడమంటే నా దృష్టిలో ఇదే.

మిగతా రెండు మూడు సంగతులు త్వరగా చెబుతాను. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకనుకు మించి ఆగరని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో టేపులు విని కనిపెట్టారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, వెనక బెంచీ పిల్లలు నోరు విప్పుతారు. పైసా ఖర్చు లేదు. 2006లో రోడిగర్, కార్పికి చేసిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత 83 శాతం గుర్తుంచుకున్నారు. ఒకసారి చదివి, మూడుసార్లు చూడకుండా రాసుకున్నవాళ్లకు 71 శాతమే గుర్తుంది. వారం తర్వాత లెక్క తిరగబడింది: మొదటివాళ్లకు 40, రెండోవాళ్లకు 61. పదో తరగతి స్పెషల్ క్లాసుల్లో సాయంత్రాలు చదివించడమే తప్ప పుస్తకం మూసి రాయించని బడులు ఈ రెండు జతల అంకెలను స్టాఫ్‌రూమ్ గోడ మీద రాసుకోవాలి.

పరిశోధన పేరుతో అమ్ముడయ్యే సరుకు గురించి కూడా చెప్పాలి. వేలిముద్రలు తీసి పిల్లవాడు చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా చెబుతామంటూ వేల రూపాయలు గుంజడం మోసం. వేలి గీతలకూ చదువుకూ సంబంధమే లేదు. పిల్లలను అలా రకాలుగా విడదీసి బోధిస్తే మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం సమీక్షించి చెప్పింది. అయినా కొన్ని శిక్షణ కరపత్రాల్లో ఇంకా అదే పాఠం ఉంది.

ముందు గమనించి ఆ తర్వాత బోధించడం మన ప్రాంతానికి కొత్తేం కాదు. కుమురం భీం తిరుగుబాటు తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త మార్లవాయిలో గోండుల మధ్య ఉండి, వాళ్ల జీవితాన్ని, భాషను గమనించాడు. 1943లో అక్కడే గోండు యువకులకు టీచర్ శిక్షణ కేంద్రం మొదలైంది, గోండిలో వాచకాలు తయారయ్యాయి. ముందు పరిశీలన, తర్వాత పాఠం. ఎనభై ఏళ్ల తర్వాత, ఇంట్లో గోండి, కొలామి మాట్లాడే పిల్లలు తెలుగు వాచకం ముందు మౌనంగా కూర్చుంటే "మొద్దులు" అనేవాళ్లను చూస్తే మనసు మండుతుంది.

ఇలా గమనించి బోధించే పని నేర్పడానికే బీఈడీలో చర్యా పరిశోధన అని ఒక రికార్డు రాయిస్తారు. చాలామందికి అది అట్టవేసి సంతకం చేయించుకున్న పుస్తకంగానే మిగిలిపోయింది. ఆ పని నిజానికి చిన్నది: ఒక ప్రశ్న, ముందు ఒక కొలత, ఒక మార్పు, తర్వాత అదే కొలత. ఒక్క జాగ్రత్త చాలు. పిల్లలు నెల గడిస్తే ఎలాగూ కొంత ఎదుగుతారు, ఆ ఎదుగుదలను మన పద్ధతి ఖాతాలో వేసుకోకూడదు. రెండు సెక్షన్లుంటే ముందు ఒకదాంట్లో, పదిహేను రోజులాగి రెండోదాంట్లో మొదలుపెడితే తేడా కనిపిస్తుంది. 2022లో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమంలో పిల్లల స్థాయిలు ఎలాగూ నమోదు చేస్తున్నాం. ఆ అంకెలను పైకి పంపే ముందు ఒక పూట మనమే చదువుకుంటే సగం పని అయినట్టే.

కాంప్లెక్స్ సమావేశానికి వెళ్లేటప్పుడు పిల్లల తప్పు జవాబులు తీసుకెళ్లండి, మార్కుల పట్టికలు కాదు. నాలుగో తరగతికి ఈ ఒక్క లెక్క ఇచ్చి చూడండి: 304లోంచి 126. కొందరు 222 రాస్తారు, పాత నియమం ఇంకా పూర్తిగా బతికే ఉంది. కొందరు 128 రాస్తారు. వీళ్లు సున్నాను దాటి వందల నుంచి నేరుగా అప్పు తెచ్చారు, పదుల స్థానంలో మాత్రం పాత నియమానికే వెళ్లిపోయారు. 178 రాసినవాళ్లకు ఇక పుల్లల కట్టలు అక్కర్లేదు. మిగతా రెండు రకాలవాళ్లకూ ఒకే పాఠం చెప్పకండి. 222 రాసినవాడికి పది పుల్లల కట్ట విప్పించాలి, 128 రాసినవాడికి వంద కట్టను పది కట్టలుగా విడదీసి చూపించాలి.