ఆరాధనా స్థలం నుంచి ప్రజావేదికగా: ఆమ్‌స్టర్‌డామ్‌లోని ‘కొత్త చర్చి’

కోణాకార కమానులు, ఎత్తైన కిటికీలు, పైకి సాగే స్తంభాలు గోథిక్ వాస్తు లక్షణాలని మీకు తెలుసు. మెదక్ చర్చిని చూసినవారు వీటిని సులభంగా గుర్తుపడతారు. అలాంటి కట్టడాన్ని నిర్వహించే స్తోమత దాని సంఘానికి లేకపోతే ఏం చేయాలి?

ఆమ్‌స్టర్‌డామ్‌లోని ‘న్యూవే కెర్క్’ను పరిశీలిద్దాం. ఆ మాటకు ‘కొత్త చర్చి’ అని అర్థం. ఆరువందల ఏళ్ల కట్టడానికి ఈ పేరు వింతే. నగరంలోని పాత చర్చి జనానికి చాలక 15వ శతాబ్దం ఆరంభంలో రెండోదాన్ని కట్టారు, ఆ పేరు అలాగే నిలిచిపోయింది. 1578లో అది ప్రొటెస్టెంట్ల అధీనంలోకి వచ్చింది. 1645లో అగ్నికి ఆహుతైనా, తిరిగి గోథిక్ పద్ధతిలోనే నిర్మించారు. ప్రధాన బలిపీఠం ఉండిన చోట ఇప్పుడున్నది నౌకాదళాధిపతి డి రూటర్ సమాధి. కాబట్టి చర్చి పాత్ర మారడం మన కాలంలోనే మొదలైందని భావించకండి.

1814 నుంచి డచ్ పాలకుల పదవీ స్వీకారం ఇక్కడే జరుగుతోంది. ఇది పట్టాభిషేకం కాదని గమనించండి. కిరీటం బల్లమీదే ఉంటుంది, ఎవరి తలపైనా పెట్టరు. పార్లమెంటు ఉభయసభల సమక్షంలో పాలకులు రాజ్యాంగానికి కట్టుబడతామని ప్రమాణం చేస్తారు. 2013లో విలెం-అలెగ్జాండర్ చేసింది అదే.

1959లో మొదలైన పునరుద్ధరణ 1980 వరకు సాగింది. ఆ భారం మోయలేక చర్చి సంఘం కట్టడాన్ని ఒక సాంస్కృతిక ఫౌండేషన్‌కు అప్పగించింది. అప్పటినుంచి అక్కడ కళా ప్రదర్శనలు, ఆర్గన్ కచేరీలు, అద్దెకిచ్చే విందులు జరుగుతున్నాయి.

అసలు చిక్కులు ఇక్కడే మొదలవుతాయి. ఎత్తైన రాతి కట్టడంలో శబ్దం కొన్ని సెకన్లపాటు ప్రతిధ్వనిస్తుంది. ఆర్గన్‌కు అది అలంకారం, ఉపన్యాసానికి ఆటంకం. పెద్ద కిటికీల వెలుగు కళ్లకు ఇంపుగా ఉన్నా పాత వస్త్రాల, కాగితాల రంగును వెలిసిపోయేలా చేస్తుంది. చలికాలంలో అతిథుల కోసం హాలును ఒక్కసారిగా వేడిచేస్తే గాలి పొడిబారి, చెక్కతో చేసిన ఆర్గన్, వేదికలు బీటలు వారవచ్చు. అందుకే ఇలాంటి చోట్ల గోడకు మేకు కొట్టకుండా, తమంతట తాము నిలబడే చట్రాలను వాడాలి. ప్రదర్శన ముగిశాక వాటి ఆనవాలు మిగలకూడదు.

మరో అభ్యంతరం సాంకేతికమైనది కాదు. చర్చి నేల చాలావరకు సమాధి ఫలకాలే. వాటిపై భోజనపు బల్లలు వేయడం సబబేనా? అభ్యంతరం తేలికైనది కాదు. అయితే కప్పు మరమ్మతుకు సొమ్ము ఎక్కడినుంచైనా రావాలి, అద్దె అందుకు ఒక మార్గం. ఏ కార్యక్రమానికి అనుమతి ఇవ్వాలో, దేనికి నిరాకరించాలో నిర్వాహకులు ప్రతిసారీ తేల్చుకోవలసిందే.

అభ్యాసం: మీ ప్రాంతంలో వాడుక మారిన పాత కట్టడాన్ని ఒకదాన్ని ఎంచుకోండి. దాని మరమ్మతు ఖర్చును ఎవరు భరిస్తున్నారో, అక్కడ దేనికి అనుమతి లేదో తెలుసుకుని పది వాక్యాల్లో రాయండి.