పాత కుర్సీకి పెళ్లి కళ!

ఊళ్లో పాత ఇల్లు సర్దితే ముందుగా బయటికి పోయేది కట్టె సామానే. కాలు ఊగే కుర్సీ, సొరుగు బిగుసుకుపోయిన బల్ల, అమ్మమ్మ సందుగ... పాత సామాన్ల బండికి ఎంతొస్తే అంతకు ఇచ్చేస్తాం. తర్వాత హైదరాబాద్ అద్దె ఫ్లాట్‌కి వేలు పోసి ప్లైవుడ్ టేబుల్ ఆర్డర్ పెడతాం. కంగ్టి లాంటి ఊళ్ల నుంచి వచ్చి ఐటీలో పనిచేసే మాలాంటివాళ్లకు ఇది మామూలే. ఆ సామాను మళ్లీ ఇంట్లోకి తెచ్చే చౌకైన దారి ఒకటుంది. అదే డెకూపాజ్.

కాగితం బొమ్మల్ని కత్తిరించి, చెక్కకు అంటించి, పైన వార్నిష్ పూతలు వేయడం... అంతే! ఫ్రెంచ్‌లో ‘కత్తిరించడం’ అనే మాట నుంచి ఈ పేరొచ్చింది. 18వ శతాబ్దంలో చైనా, జపాన్ లక్క సామానంటే యూరప్‌లో పిచ్చి క్రేజ్. అంత డబ్బు పెట్టలేనివాళ్ల కోసం వెనిస్ పనివాళ్లు అచ్చు బొమ్మలు అంటించి మెరుగు పెట్టారు. దాన్నే ‘లాక్కా పోవెరా’ అంటారు, అంటే పేదల లక్క. మన నిర్మల్ కళాకారుల్లా చెక్క మీద బొమ్మ వేయడం రాకపోయినా, కత్తెర పట్టడం వస్తే చాలు.

ముందు చెక్కను చూడండి

మంచి టేకు, చేత్తో చెక్కిన నగిషీ ఉంటే కాగితం అంటించకండి. దానికి పాలిష్ చాలు. గీతలు, మరకలు పడిన సాదా సామానే దీనికి సరైంది. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే సందుల్లో నల్లులు, చిన్న రంధ్రాల నుంచి రాలే పొడి ఉన్నాయేమో చూడండి. పొడి రాలుతుంటే లోపల పురుగు ఉన్నట్టే.

ఇంకో ముఖ్యమైన సంగతి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసే నిబంధనలు వచ్చింది 2016లోనే. అందుకే పాత పెయింట్‌ను పొడిగా గీకొద్దు. మాస్క్ పెట్టుకొని, తడిపి రుద్దండి. పిల్లల్ని, గర్భిణుల్ని దూరంగా ఉంచండి.

ఇలా చేయండి

- సబ్బునీళ్లతో తుడిచి ఆరబెట్టండి. రంధ్రాలకు లప్పం పెట్టి, సాండ్‌పేపర్‌తో నున్నగా చేసి, తెల్ల ప్రైమర్ వేయండి.
- శుభలేఖలు, పాత క్యాలెండర్లు, గిఫ్ట్ పేపర్లు... ఏవైనా వాడొచ్చు. కార్డు మందంగా ఉంటే లేజర్ కలర్ ప్రింట్ తీయించండి. ఇంక్‌జెట్ ప్రింటయితే తడికి రంగు కారుతుంది.
- అంటించే ముందు బొమ్మల్ని ఊరికే పేర్చి ఫొటో తీసుకోండి. జిగురు ఆరాక అన్‌డూ బటన్ ఉండదు!
- ఫెవికాల్‌లో కొద్దిగా నీళ్లు కలిపి చెక్కకు, కాగితం వెనక పల్చగా రాయండి. మధ్య నుంచి అంచులకు మెత్తటి గుడ్డతో ఒత్తితే గాలి బుడగలు పోతాయి.
- ఒక రోజు ఆరనిచ్చి, నీళ్లతో కలిపే రకం వార్నిష్ మూడు నాలుగు పూతలు వేయండి. ఒక పూత పూర్తిగా ఆరాకే ఇంకోటి.

వేడి గిన్నె నేరుగా పెట్టకండి, వానకు తడవనివ్వకండి. మొదటిసారే బీరువా జోలికి పోకుండా ఒక సొరుగు పలకతో మొదలుపెట్టండి. ఈసారి ఊరికెళ్తే, ఆ బండి రాకముందే అటక మీద ఏముందో చూడండి మరి!