ఎఱ్ఱజెండా చిరిగిన దారి

ఏటేట నవంబరు మాసపు తొలి ఆదివారమున, లండను నగరమునందలి హైడ్ పార్కులో, ఇంకను తెల్లవాఱకమునుపే, ఇత్తడి దీపములు మంచులో మినుకుమినుకుమనుచుండగా, నూఱేండ్లు దాటిన మోటారుబండ్లు వందలకొలదిగా బారులుదీరి నిలుచును. ప్రొద్దుపొడుపు వేళకు ఒక ఎఱ్ఱజెండాను రెండుగా చింపుదురు. అంతట నా బండ్లు ఒకదానివెంట నొకటి దడదడలాడుచు, ఆవిరులు చిమ్ముచు, సుమారు 60 మైళ్ల దూరమున సముద్రతీరమందున్న బ్రైటను పట్టణమునకు కదలును.

ఆ జెండాను చింపుటకు కారణము కలదు. 1865లో బ్రిటిషు పార్లమెంటు చేసిన యొక శాసనము, యంత్రబలముచే నడచు బండి ఊరిలో గంటకు 2 మైళ్లను, వెలుపల 4 మైళ్లను మించి పోరాదనియు, దానికి 60 గజముల ముందు ఒక మనిషి ఎఱ్ఱజెండా చేతబూని నడువవలెననియు విధించెను. బరువైన ఆవిరియంత్రములను తలచి చేసిన యీ కట్టడి తరువాత పుట్టిన తేలిక మోటారుబండ్లకును సంకెల యయ్యెను. 1878లో జెండా తప్పనిసరి కాకపోయినను, ముందునడచు మనిషి మాత్రము తప్పలేదు. కాలినడకను మించరాని యంత్రమును కొనువారెవరు, మెఱుగుపఱచువారెవరు? తుదకు 1896 నవంబరు 14వ తేదీన, వేగమును 14 మైళ్లవఱకు అనుమతించు క్రొత్త శాసనము అమలులోనికి రాగా, ఆ ఉదయమే ఫలాహారపు విందులో లార్డ్ వించిల్సీ ఎఱ్ఱజెండాను చించివైచెను. మోటారువారు బ్రైటనునకు బయలుదేరిరి. ఆ యాత్రను 1927లో మరల నారంభించిరి. యుద్ధకాలమున నాగినను, అది నేటికిని సాగుచున్నది.

1905 జనవరి 1వ తేదీకి ముందు నిర్మితమైన బండ్లకే యిందు ప్రవేశము. వీనిని వెటరను కార్లందురు. 1905 మొదలు 1918 వఱకు ఎడ్వర్డియను, 1919 మొదలు 1930 వఱకు వింటేజి అని వ్యవహారము. 1930లో వెలసిన వెటరన్ కార్ క్లబ్బు, ఇంజనునుండి చట్రము వఱకు పరిశీలించి, బండి పుట్టిన కాలమును నిర్ణయించి పత్రమిచ్చును. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను తెప్పింపదలచి, అది చేరకమునుపే దివంగతుడుకాగా, నేడు హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నున్న పసుపువన్నె రోల్స్‌రాయిసు 1912 నాటిది. అంతటి రాచఠీవి గల కారు సైతము ఈ యాత్రకు వయస్సు చాలని పసిబిడ్డయే!

ఈ బండ్లను నడుపుట యొక విద్య. మీట త్రిప్పినంతనే మేల్కొను స్వభావము వీనికి లేదు. ముందుగా నిప్పురవ్వ పుట్టు క్షణమును చేతిమీటతో కొంత వెనుకకు జరిపి, అటుపై ముందున్న హ్యాండిలును చేతితో త్రిప్పవలెను. ఆ జరుపుట మఱచినచో ఇంజను ఎదురుతిరిగి మణికట్టును విఱిచివేయగలదు. కొన్నిటికి స్టీరింగుచక్రమే యుండదు, పడవచుక్కానివంటి కోల యుండును. కొన్నిట గొలుసు చక్రమును లాగును. కొన్నిట బొట్లుబొట్లుగా జారు నూనెను దారిపొడవునను కనిపెట్టుచుండవలెను. నిటారు మిట్టలపై నీరు మరిగినచో ఎక్కినవారు దిగి త్రోయవలసినదే. ఇది పందెము గాదు. సగటున గంటకు 20 మైళ్లను మించరాదన్న నియమము కలదు, సాయంకాలములోపల గమ్యము చేరుటయే ఘనత.

ఇంత శ్రమ యేల, గాజుగదిలో భద్రపఱచిన చాలదా యని యడుగవచ్చును. మన గుడిరథమును చూడుడు. ఏడాదిపొడవునను అది కొట్టమునందలి కొయ్యయే. తిరునాళ్లు సమీపింపగానే వడ్రంగి ఇరుసును తట్టిచూచును, కమ్మరి పట్టాలను బిగించును, కొడుకు తండ్రిచేతిని కనిపెట్టి నేర్చుకొనును. రథము కదలవలసియుండుటచేతనే ఆ పని బ్రదికియున్నది. అటులే, నవంబరు దగ్గఱపడుచున్న కొలది, అంగడిలో దొరకని పండ్లచక్రమును ఇత్తడిలో కోసిపెట్టువాడును, కొయ్యఆకులతో బండిచక్రమును కూర్చువాడును ఇంగ్లండునందు మరల కావలసివత్తురు. బండి ఆకారమును గాజుగది కాపాడగలదు. దానిని చేసిన చేతుల నేర్పును కాపాడునది ఆ 60 మైళ్ల దారియే.