కొలువుకు దారి చూపే నలుపు తెలుపు గడులు
ఉద్యోగ ప్రకటనలపై క్యూఆర్ కోడ్.. మన్యంలో ఉపయోగమెంత? చిక్కులేమిటి?

అరకులోయ: అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు, పసుపు, రాజ్‌మా అమ్మే సంతలోనూ నేడు చదరపు నలుపు తెలుపు గుర్తు కొత్త కాదు. టీ దుకాణం మొదలు బట్టల కొట్టు వరకు డబ్బు చెల్లించేందుకు దానినే చూపుతున్నారు. పాఠశాల విద్యార్థులు తమ పాఠ్యపుస్తకాలలో 'దీక్ష' పాఠాల కోసం ముద్రించిన అదే గుర్తును ఎరుగుదురు. ఇప్పుడది ఉద్యోగ మేళాల గోడపత్రికల మీదకూ, హోటళ్లు, ఆసుపత్రులు, శిక్షణ కేంద్రాల ప్రకటనల మీదకూ చేరింది. 'వివరాలకు స్కాన్ చేయండి' అన్న ఒక్క వాక్యం, కింద ఒక చదరం. చిరునామా ఉండదు, ఫోన్ నంబరు ఉండదు, కొన్నిటిలో చివరి తేదీ కూడా ఉండదు. నగరంలో ఇది సౌకర్యం. సెల్ సంకేతం కోసం గట్టెక్కి నిలబడవలసిన కొండ గ్రామంలో ఇదే ప్రకటన మూసిన తలుపు కావచ్చు.

కార్ల కర్మాగారంలో పుట్టింది

సరుకుల పొట్లాలపై కనిపించే నిలువు గీతల బార్‌కోడ్‌ను దుకాణంలో తొలిసారి చదివించింది 1974 జూన్‌లో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో. ఆ గీతలలో పట్టేది ఇరవై అంకెల లోపు సమాచారమే. కార్ల విడిభాగాలను లెక్కించేందుకు అది చాలకపోవడంతో జపాన్‌కు చెందిన డెన్సో వేవ్ సంస్థలో మసాహిరో హారా బృందం 1994లో క్యూఆర్ కోడ్‌ను రూపొందించింది. సమాచారాన్ని అడ్డంగానే కాక నిలువుగానూ గడులలో అమర్చడంతో 7,089 అంకెల వరకు ఇమిడే వీలు కలిగింది. మూడు మూలల్లో ఉండే పెద్ద చదరాలు కెమెరాకు దిక్కు తెలిపే గుర్తులు. అందువల్లే ఫోన్‌ను ఏ వైపు తిప్పి పట్టుకున్నా కోడ్ తెరుచుకుంటుంది. పేటెంటు హక్కును సంస్థ పట్టుబట్టి వాడుకోకపోవడంతో ప్రపంచమంతా ఉచితంగా వాడుకుంటోంది.

కొంత భాగం చెరిగినా చదవగలగడం దీని మరో విశేషం. అత్యధిక రక్షణ స్థాయిలో తయారు చేస్తే సుమారు 30 శాతం వరకు పాడైనా సమాచారం దక్కుతుంది. వానాకాలమంతా మంచు, జల్లులతో తడిసే మన్యం గోడలపై అంటించే కాగితానికి ఈ గుణం ఎంతో అవసరం.

ఉద్యోగార్థులను ఆకర్షించేందుకు దీనిని చమత్కారంగా వాడిన ఉదాహరణ తుర్కియేలో ఉంది. ఇస్తాంబుల్‌లోని ఒక పచ్చబొట్ల దుకాణం పత్రికలో అసంపూర్తి కోడ్‌ను ప్రకటనగా ఇచ్చింది. చేయి తిరిగినవారు గడులను తప్పు లేకుండా నింపితేనే అది స్కాన్ అయి దరఖాస్తు పత్రం తెరుచుకుంటుంది. చేయి వణికితే ఉద్యోగం లేదన్నమాట! ప్రకటనే పరీక్షగా మారిన ఇలాంటి సందర్భాలు అరుదు. మిగిలిన చోట్ల కోడ్ చేసే పని ఒక్కటే, పొడవైన వెబ్ చిరునామాను టైపు చేసే శ్రమ తప్పించడం.

సమాచారం ఆలస్యమైతే..

ఏజెన్సీలో ఉద్యోగ సమాచారం సకాలంలో అందడం నేడు మునుపటికంటే ముఖ్యమైంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరి 10న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో నంబరు 3 జారీ చేసింది. దానిని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టివేసింది. దాంతో ఆ నూరు శాతం రక్షణ తొలగింది. పోటీ పెరిగిన చోట రెండు రోజుల ఆలస్యం కూడా ఖరీదైనదే. ప్రకటన చూసి, పాడేరుకో విశాఖకో వెళ్లి ధ్రువపత్రాలు సిద్ధం చేసుకునేసరికి గడువు ముగిసే ప్రమాదముంది.

ఈ కోణంలో క్యూఆర్ కోడ్ మేలే చేస్తుంది. సంతరోజు గోడపై చూసిన యువకుడు అక్కడికక్కడే దరఖాస్తు పూర్తి చేయగలడు. అయితే 2023 జూన్‌లో ప్రారంభించిన 100 4జీ టవర్లలో అధిక భాగం అల్లూరి సీతారామరాజు జిల్లాకే దక్కినా, లోయలు, మలుపులు సంకేతాన్ని అడ్డుకునే గూడేలకు ఇబ్బంది తప్పడం లేదు.

నెట్ లేకున్నా తెరుచుకుంటుంది

కోడ్ చదవడానికి ఇంటర్‌నెట్ తప్పనిసరి అన్న అభిప్రాయం సరికాదు. కోడ్‌ను ఫోన్ కెమెరాయే చదువుతుంది. అందులో ఉన్నది వెబ్ చిరునామా అయితేనే ఆ పేజీ తెరవడానికి నెట్ కావాలి. చిరునామాకు బదులు ఫోన్ నంబరును పెడితే స్కాన్ చేయగానే డయల్ చేసే అవకాశం వస్తుంది. మాటల సంకేతం మాత్రమే ఉన్న గ్రామంలోనూ ఇది పనిచేస్తుంది. పోస్టు పేరు, అర్హత, చివరి తేదీని తెలుగులోనే నేరుగా కోడ్‌లో ఇమిడ్చవచ్చు. తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు మూడేసి బైట్లు ఖర్చవుతాయి. అతి పెద్ద కోడ్‌లో పట్టేది 2,953 బైట్లు. అంటే లెక్క ప్రకారం సుమారు వంద మాటలు. కానీ గడులు అంత కిక్కిరిస్తే చవక ఫోన్ల కెమెరాలు తడబడతాయి. నాలుగైదు మాటలు, ఒక ఫోన్ నంబరు చాలు.

దరఖాస్తుదారులకూ ఒక ఉపాయముంది. నెట్ అందని చోట కోడ్‌ను ఫొటో తీసుకుని, సంకేతం వచ్చే చోటికి చేరాక 'గూగుల్ లెన్స్' వంటి సదుపాయంతో ఆ ఫొటో నుంచే తెరవవచ్చు. కెమెరా లేని చిన్న ఫోన్ వాడేవారికి మాత్రం ఇవేవీ ఉపకరించవు. వారి కోసం ముద్రించిన నంబరు, కార్యాలయ చిరునామా ఉండి తీరాలి. గోడపత్రికపై రెండు వరుసల స్థలం ఆదా చేసేందుకు వాటిని తీసివేయడం సమర్థనీయం కాదు.

ముద్రించేవారు మరిచేవి

చూసే దూరంలో పదో వంతు కొలత కోడ్‌కు ఉండాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. మీటరు దూరం నుంచి చూసే గోడపత్రికకు పది సెంటీమీటర్లు కావాలి. చుట్టూ నాలుగు గడుల వెడల్పున తెల్లని అంచు వదలాలి. అందం కోసం రంగుల బొమ్మలపై కోడ్‌ను పరిస్తే కెమెరా పోల్చుకోదు.

మరో పొరపాటు మరింత నష్టం కలిగిస్తుంది. గమ్యాన్ని తరువాత మార్చుకునే వీలున్న 'డైనమిక్' కోడ్‌లను కొన్ని వెబ్‌సైట్లు కొన్నాళ్లపాటు ఉచితంగా ఇస్తాయి. ఆ గడువు తీరాక డబ్బు కట్టకపోతే గోడపై కోడ్ అలాగే ఉంటుంది, దారి మాత్రం మూసుకుపోతుంది. మార్పు లేని 'స్టాటిక్' కోడ్‌కు ఈ బెడద లేదు. ధ్రువపత్రాలు జతచేయమనే గూగుల్ ఫారాలలోనూ చిక్కుంది. వాటికి గూగుల్ ఖాతా తప్పనిసరి. అన్న ఫోనో, స్నేహితుని ఫోనో అడిగి తెచ్చుకున్న అమ్మాయి ఎవరి ఖాతాతో దరఖాస్తు చేయాలి?

రుసుము అడిగితే అనుమానించాల్సిందే

అసలు కోడ్‌పై మోసగాళ్లు తమ స్టిక్కర్ అంటించడం దేశవిదేశాల్లో నమోదైన నేరమే. స్కాన్ చేయగానే డబ్బు చెల్లింపు యాప్ తెరుచుకుంటే, లేదా 'రిజిస్ట్రేషన్ రుసుము', 'యూనిఫాం డిపాజిట్' పేరిట సొమ్ము అడిగితే ఆగి విచారించాలి. యూపీఐ పిన్ నొక్కేది డబ్బు పంపేందుకే తప్ప తీసుకునేందుకు కాదు. ప్రభుత్వ నియామకమని చెబితే వెబ్ చిరునామా చివర 'గవ్ డాట్ ఇన్' లేదా 'నిక్ డాట్ ఇన్' ఉందో లేదో చూడాలి. అక్కడ మరో పేరు కనిపిస్తే ఐటీడీఏ కార్యాలయంలోనో, గ్రామ సచివాలయంలోనో అడిగి నిర్ధారించుకోవాలి. సొమ్ము పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. ఎంత త్వరగా తెలియజేస్తే ఆ సొమ్ము చేతులు మారకుండా నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.