కూడలియు దుకాణపు గోడయు

మోటారుబండి త్రోవ తప్పి దుకాణములోనికి దూసికొనిపోయెనను వార్త పత్రికలలో తఱచుగా కనబడుచుండును. దానిని చదివినవారు సామాన్యముగా రెండు మాటలలో నేదో యొకటి యందురు. “డ్రైవరు త్రాగియుండును” అనునది మొదటిది. “వారికి ఆయువు తీరినది” అనునది రెండవది. మొదటి మాట తప్పంతయు నొక మనుష్యునిపై మోపుచున్నది. రెండవది యెవరి తప్పును లేదనుచున్నది. ఈ రెండును చాలవని మా యభిప్రాయము. బండి నడుపువాని పొరపాటునకు దారి కట్టినవారి పొరపాటు తోడైనప్పుడే చిన్న తప్పు పెద్ద యాపదగా మాఱును. ఈ రెంటిని విడివిడిగా వివరించుటయే యీ వ్యాసోద్దేశము.

ఇది చిన్న విషయము కాదు. మన దేశమున 2022వ సంవత్సరములో 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి, 1,68,491 మంది మరణించిరని కేంద్ర రవాణా శాఖవారు ప్రకటించిరి. అనగా దినమునకు 460 మందికి పైగా నన్నమాట.

ముందుగా నడుపువాని సంగతి విచారింతము. అతివేగము, మద్యపానము, నిద్రలేమి, చేత ఫోను పట్టుకొనుట, ఇవి యందఱు నెఱిగిన దోషములే. అంతగా తెలియనిది మఱియొకటి కలదు. అది పాదము చేయు పొరపాటు. గేర్లు తమంతట తామే మాఱు కార్లలో క్లచ్చి యుండదు. బ్రేకు, యాక్సిలరేటరు అను రెండు పెడళ్లే ప్రక్కప్రక్కన నుండును. రెంటిని త్రొక్కవలసినది కుడికాలే. దుకాణము ముందు బండి నిలుపబోవువాడు బ్రేకనుకొని యాక్సిలరేటరుపై కాలు మోపెననుకొందము. బండి ఆగుటకు మాఱుగా ముందుకు దుముకును. అతడు బెదరి, తాను త్రొక్కుచున్నది బ్రేకే యను నమ్మకముతో నింకను గట్టిగా త్రొక్కును. త్రొక్కినకొలది బండి పరుగెత్తును. తప్పు గ్రహించునంతలో నెదుటి యద్దము పగిలియుండును. పిదప “బ్రేకు పట్టలేదు” అని అతడు చెప్పినచో నది బొంకు కానక్కఱలేదు. అతని మనస్సునకు తోచినది యదియే. వృద్ధులును, క్రొత్తగా నేర్చుకొన్నవారును ఈ పొరపాటునకు ఎక్కువగా లోనగుదురు.

దీనికి నిదర్శనముగా నొక విషాదమును చెప్పుదుము. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున సాంటా మోనికా యను పట్టణము కలదు. 2003 జూలై 16వ తేదీన అచ్చట వీధిలో రైతుల సంత జరుగుచుండగా, 86 సంవత్సరముల వృద్ధుడొకడు నడుపుచున్న కారు సంతలోనికి చొచ్చుకొనిపోయెను. 10 మంది మరణించిరి. ఆ దేశపు రవాణా భద్రతా మండలివారు విచారించి, బ్రేకునకు బదులు యాక్సిలరేటరును త్రొక్కుటయే కారణమని నిర్ణయించిరి. అంతతో విడువక, దారి తప్పిన బండిని ఆపగల యడ్డుకట్ట సంతయొద్ద లేకపోవుటచేత నష్టము హెచ్చెననియు వ్రాసిరి. ఈ రెండవ మాట మిక్కిలి విలువగలది. కాలు తప్పుట యొకని లోపము. అడ్డు లేకపోవుట పలువురి లోపము.

ఇక వేగము సంగతి. గంటకు 30 కిలోమీటర్ల చొప్పున పోవు బండి సెకండునకు 8 మీటర్లకు పైగా సాగును. 60 కిలోమీటర్లైనచో 16 మీటర్లు దాటును. కంటికి ఆపద కనబడి, కాలు బ్రేకును చేరుటకు ఒక్క సెకండు పట్టినను అంత దూరమును బండి గడచిపోవును. అంతియకాదు. వేగము రెట్టింపైనప్పుడు బండియందలి శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును; వేగము మూడు రెట్లైనచో శక్తి తొమ్మిది రెట్లగును. భౌతికశాస్త్రమున మన విద్యార్థులు వల్లించు గతిశక్తి సూత్రము ఇదియే. పరీక్షలో దానిని తప్పుగా వ్రాసినచో మార్కులు పోవును. వీధిలో దానిని మఱచినచో ప్రాణములు పోవును.

ఇప్పుడు దారి కట్టినవారి పనిని పరిశీలింతము. నాలుగు దారులు కలియు సామాన్యమైన కూడలిలో బండ్ల మార్గములు ఒకదానికొకటి తగులుచోట్లు 32 కలవని ఇంజనీర్లు లెక్కింతురు. వానిలో 16 చోట్ల మార్గములు అడ్డముగా ఖండించుకొనును. 8 చోట్ల కలిసికొనును. 8 చోట్ల విడిపోవును. కాగితముపై నాలుగు దారులు గీచి, ప్రతి దారినుండియు నేరుగాను, కుడికిని, ఎడమకును పోవు గీతలు గీచిన విద్యార్థి దీనిని తానే సరిచూచుకొనవచ్చును. అడ్డముగా దెబ్బ తిన్న బండి తన దారిన పోదు; మూలవైపు త్రోయబడును. మూలనుండునది దుకాణము. కావుననే కూడలి దుకాణములకు బేరము హెచ్చు, భయమును హెచ్చు.

కూడలిని చెడగొట్టునవి మఱికొన్ని కలవు. పెద్ద బోర్డులు, నిలిపియుంచిన ఆటోలు, గుబురు చెట్లు ప్రక్కదారిని కనబడనీయవు. మితిమీఱి వెడల్పైన దారి వేగమును పిలుచును. మలుపును విశాలముగా గుండ్రముగా కట్టినచో డ్రైవరు బండిని నెమ్మదింపకయే తిరుగును. మన యూళ్లలో వీధి నేరుగా వచ్చి యింటికి తగులుటను వీధిపోటందురు. అట్టి స్థలమును కొనుటకు జనులు జంకుదురు. దీనిని శకునముగా నమ్మనక్కఱలేదు. కాని మూడు దారుల కూడలిలో మలుపు తిరుగలేని బండి నేరుగా పోయి చేరునది ఆ యింటికే యనుట మాత్రము సత్యము. రాత్రివేళ దీపము లేనిచో, క్రొత్తవానికి దారి ముగిసినదనియే తెలియదు. అట్టిచోట శాంతి చేయించుటకన్న, దూరమునుండి మెఱయు హెచ్చరిక పలకను నిలుపుటయు, ఇంటిముందు గట్టి యడ్డు కట్టుటయు మేలు.

ఇందుకు నివారణములు లేకపోలేదు. మొదటిది చుట్టుదారి కూడలి. నడుమ గుండ్రని దిమ్మె నుంచి బండ్లన్నియు దాని చుట్టు నొకే దిశగా తిరుగునట్లు చేసినచో, పై 32 తగులుచోట్లు 8 మాత్రమే యగును; అడ్డముగా ఖండించుకొనునది యొక్కటియు నుండదు. దిమ్మె యెదుట నుండుటచే నెవడును వేగముగా పోజాలడు. క్రొత్తగా ప్రవేశించు బండి లోపల తిరుగుచున్న బండికి దారి యీయవలెనను నియమమును బ్రిటనువారు 1966లో విధించిరి. అప్పటినుండియే ఈ కూడళ్లు చక్కగా సాగినవి. అమెరికాలో ఇండియానా రాష్ట్రపు కార్మెల్ నగరమున ఇట్టివి 150కి పైగా కలవు. సిగ్నలు దీపముల కూడలిని చుట్టుదారిగా మార్చినచోట్ల, మరణములు, తీవ్రగాయములు కలిగించు ప్రమాదములు సుమారు 78 శాతము తగ్గినవని ఆ దేశపు రహదారుల శాఖ చెప్పుచున్నది. మన చండీగఢ్ నగరమునను ఇట్టి కూడళ్లు పెక్కు కలవు. అయితే నడుమ విగ్రహము నిలిపినంతమాత్రమున ప్రయోజనము లేదు. ఎవరు ఆగవలెనో, ఎవరు పోవలెనో జనులు పాటింపనిచో నది పేరునకు మాత్రమే సర్కిలు.

రెండవది దుకాణము ముందరి స్తంభములు. ఇనుప గొట్టమును లోతుగా పాతి, కాంక్రీటుతో నింపి నిలుపుదురు. మనుష్యులును, చక్రముల కుర్చీయు పోగలిగినంత, కారు దూరలేనంత యెడము విడుతురు. పూలకుండీలును, సన్నని గొట్టములును అందమునకే గాని అడ్డునకు పనికిరావు. ఈ స్తంభముల బలమును పరీక్షించుటకు అమెరికాలో 2014లో నొక ప్రమాణము వెలువడినది. దానిప్రకారము సుమారు 5,000 పౌనుల బండి బరువును గంటకు 10, 20, 30 మైళ్ల వేగమున తాకించి చూతురు. మూడవది మిక్కిలి సులభము: బండ్లను దుకాణమునకు ముఖము పెట్టి నిలుపక, గోడకు సమాంతరముగా నిలుపుట. అప్పుడు కాలు తప్పినను బండి దారివెంట పోవునే గాని, కొనువారిపైకి పోదు.

మన చట్టమును ఈ రెండు పక్షములను గుర్తించినది. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టములోని 198ఎ విభాగమునుబట్టి, భద్రతా ప్రమాణములు పాటింపక దారిని రూపొందించిన లేక కట్టిన అధికారులకును, కాంట్రాక్టరులకును లక్ష రూపాయల వఱకు జరిమానా విధింపవచ్చును. 199ఎ విభాగము తలిదండ్రులు శ్రద్ధగా వినదగినది. మైనరు బాలుడు బండి నడిపి నేరము చేసినచో, అతని సంరక్షకునికి గాని బండి యజమానునికి గాని మూడేండ్ల వఱకు ఖైదును, 25,000 రూపాయల జరిమానాయు కలుగవచ్చును. కుమారుని ముచ్చట తీర్చుటకు తాళపుచెవి చేతికిచ్చు తండ్రి దీనిని తలపోయవలెను.

ద్వితీయోపదేశకాండమున, క్రొత్త యిల్లు కట్టువాడు దాని కప్పుచుట్టు పిట్టగోడ కట్టవలెనను విధి కలదు. ఎవడైన పడినచో ఆ దోషము ఇంటివానిదగునని దాని భావము. పడినవాడు జాగ్రత్తగా నడువవలదా యని అచ్చట ప్రశ్న లేదు. మనుష్యుడు తొట్రిల్లునని యెఱిగియే గోడ కట్టుమని యాజ్ఞ. మన కూడళ్లకు కావలసిన ధర్మమిదియే. బండి నడుపువాడు తాను తప్పనని గర్వింపక నెమ్మదిగా పోవలెను. దారి కట్టువాడు మనుష్యుడు తప్పునని తలచి కట్టవలెను.

విద్యార్థులారా! మీలో కొందఱు రేపు బండ్లు నడుపుదురు. కొందఱు ఇంజనీర్లై దారులు కట్టుదురు. కొందఱు పురపాలక సంఘములలో కూర్చుందురు. కొందఱు కూడలిలో దుకాణము పెట్టుకొని జీవింతురు. మీలో నెవరికి ఏ పని లభించినను, ఆ పనిలో పొరుగువాని ప్రాణము మీ చేతిలో నున్నదని మఱువకుడు. పిట్టగోడ కట్టినవాని పేరు ఎవరికిని తెలియకపోవచ్చును. పడకుండ నిలిచినవారు మాత్రము సాయంకాలమునకు ఇల్లు చేరుదురు.